పాటకు బరువైన ప్రత్యయాలు

డ్యూక్ ఎల్లింగ్టన్ 1931లో బాణీ కట్టి, మరుసటి ఏడాది ఐవీ ఆండర్సన్ గొంతుతో రికార్డు చేసిన పాట పేరు 'ఇట్ డోంట్ మీన్ ఎ థింగ్ (ఇఫ్ ఇట్ ఏంట్ గాట్ దట్ స్వింగ్)'. మాటలు ఇర్వింగ్ మిల్స్‌వి. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చేతబట్టుకుని ఇంగ్లిష్ నేర్చుకున్న మనలాంటివాళ్ళకు ఈ పేరు చూడగానే ఎర్ర సిరా కలం గుర్తుకొస్తుంది. 'ఇట్' ప్రథమ పురుష ఏకవచనం కాబట్టి తర్వాత 'డజంట్' రావాలి. 'ఏంట్' అయితే అసలు రానే కూడదు. సరే, దిద్ది పాడి చూడండి. 'డోంట్' ఒకే అక్షరం, 'డజంట్' రెండు. ఆ రెండో అక్షరం వచ్చి చేరగానే తాళం మీద పడాల్సిన దెబ్బ పక్కకు జరుగుతుంది. ఏ స్వింగ్ లేకపోతే పాటే లేదని ఆ పాట చెబుతోందో, ఆ స్వింగే పోతుంది.

శతాబ్దంగా ఇంగ్లిష్ పాప్ గీతాల్లో ఇదే జరుగుతోంది. క్రియ చివరి '-స్' రాలిపోతుంది. '-ఇంగ్' కాస్తా '-ఇన్' అవుతుంది. క్రియావిశేషణం మీది '-లీ' ఊడిపోతుంది. ఒక్కోసారి అక్కర్లేని చోట '-స్' వచ్చి అతుక్కుంటుంది కూడా. ఎందుకిలా అంటే బాణీ కోసమేనని సంగీతం తెలిసినవాళ్ళు అంటారు. చదువు తక్కువైనవాళ్ళ భాష కనుక అని బడిపంతుళ్ళూ, పత్రికలకు ఉత్తరాలు రాసేవాళ్ళూ అంటారు. పాడేవాళ్ళు ఏ జనం గొంతును తమదిగా వినిపించాలనుకుంటారో ఆ జనం వ్యాకరణాన్నే తెచ్చుకుంటారని భాషాశాస్త్రజ్ఞులు అంటారు. మొదటి మాట సగం నిజం, రెండోది పూర్తిగా తప్పు, మూడోది అన్నిటికన్నా బలమైనది. ఇది నా అభిప్రాయం. దానికి ఆధారాలు ఎక్కువగా పాటల పేర్లలోంచే తీస్తాను. గాయకుడు పాడిన ప్రత్యయాన్ని వినేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా రాసుకోవచ్చు. రికార్డు మీద అచ్చయిన పేరు అలా కాదు. దాన్ని ఎవరో ఆలోచించి, తెలిసి ఖాయం చేసి ఉంటారు.

బాణీ వాదాన్ని తెలుగువాళ్ళం తేలికగా అర్థం చేసుకోగలం. మాషాన్ని మషం చేసినా సరేగాని ఛందస్సును భంగం చేయకూడదని మన లాక్షణికులు ఏనాడో అనుమతి ఇచ్చేశారు. పైగా మనది అజంత భాష. మాట చివర అచ్చు ఉంటుంది కాబట్టి గాయకుడు కోరినంతసేపు దాని మీద నిలవగలడు. కావేరీ తీరాన తిరువయ్యారులో కూర్చుని త్యాగరాజు తెలుగులో కీర్తనలు కట్టారు. ఆ సంగీతానికి తెలుగు అంత హాయిగా ఒదగడంలో ఈ అచ్చుల పాత్ర చిన్నది కాదు. ఇంగ్లిష్ తీరు వేరు. అక్కడ మాటలు చాలావరకు హల్లుతో ముగుస్తాయి, ప్రత్యయం వచ్చి ఆ హల్లు పక్కన ఇంకో హల్లును నిలబెడుతుంది. 'ఆస్క్'కు '-స్' చేరితే 'ఆస్క్స్', '-ఎడ్' చేరితే 'ఆస్క్ట్'. మూడు హల్లులు వరసగా వస్తే రాగం ఎక్కడ నిలుస్తుంది? అందులోనూ 'స్' ఊష్మం. మైకు దాన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి వినిపిస్తుంది. ఆ జోరు తగ్గించడానికి రికార్డింగ్ స్టూడియోల్లో డీ-ఎస్సర్ అనే సాధనమే ఉంది. బృందగానంలో చివరి 'స్' తలా ఒక క్షణంలో పలికితే పాము బుసకొట్టినట్టుంటుందని, కొన్ని బృందాల్లో దాన్ని ఒకరిద్దరికే అప్పగించి తక్కినవాళ్ళను వదిలేయమంటారు.

మన దక్షిణాది నోటికి ఇంగ్లిష్ హల్లులు ఎంత ఇబ్బందో 2011లో తమిళ సినిమా '3' కోసం ధనుష్ రాసి పాడిన 'వై దిస్ కొలవెరి డి' దేశమంతటికీ వినిపించింది. అందులో ఇంగ్లిష్ మాటల చివర 'ఉ' చేరుతుంది. మనమూ బస్సు, కారు, రోడ్డు అంటూ చేస్తున్నది అదే. మనం అచ్చు చేర్చి హల్లును మచ్చిక చేసుకుంటే, ఇంగ్లిష్ పాటగాడు హల్లునే వదిలేసుకుంటాడు.

ప్రత్యయాన్ని ఛందస్సుకు వాడుకోవడం ఇంగ్లిష్‌లో పాప్ సంగీతంతో మొదలు కాలేదు. ప్రథమ పురుష ఏకవచన క్రియకు ఒకప్పుడు దక్షిణ ఇంగ్లండులో '-ఎత్' ఉండేది, '-స్' ఉత్తరాది నుంచి దిగివచ్చింది. షేక్‌స్పియర్ కాలానికి రెండూ వాడుకలో ఉన్నాయి. 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో కరుణ గురించి పోర్షియా చెప్పే మాటల్లో, ఒకే పాదంలో ఆ రెండు రూపాలూ కనిపిస్తాయి. '-ఎత్' ఒక అక్షరం కలుపుతుంది, '-స్' కలపదు. లెక్కకు ఎక్కడ ఏది కావాలో అక్కడ అది వాడుకున్నాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ '-ఎత్'నే పట్టుకుంది. అప్పటికే పాతబడుతున్న ఆ రూపానికి అలా గౌరవం దక్కింది. ఈనాడు బడిలో ఒప్పుగా నేర్పే '-స్' ఒకనాటి ఉత్తరాది మాండలికమే.

'డోంట్' కథ కూడా దీనికి దగ్గరే. ఈ కుదింపు 17వ శతాబ్దంలో పుట్టింది. ఆ తర్వాత రెండువందల ఏళ్ళ పాటు చదువుకున్న ఇంగ్లిష్‌వాళ్ళు కూడా 'హీ'కీ 'షీ'కీ దాన్నే వాడారు. తర్వాత వ్యాకరణ పుస్తకాలు దాన్ని బయటకు గెంటాయి. జనం నోట్లోంచి మాత్రం అది పోలేదు. 1971లో రింగో స్టార్ 'ఇట్ డోంట్ కమ్ ఈజీ' అన్నా, 1977లో క్రిస్టల్ గేల్ 'డోంట్ ఇట్ మేక్ మై బ్రౌన్ ఐస్ బ్లూ' అన్నా, అవి ఎక్కడా తెగని వాడుకకు కొనసాగింపు. ఒకరు లివర్‌పూల్ డ్రమ్మర్, మరొకరు అమెరికా కంట్రీ గాయని.

ఇంతవరకు బాణీ వాదం నిలుస్తుంది. '-ఇంగ్' దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది.

'బ్లోయిన్ ఇన్ ద విండ్' (1963), 'కాలిఫోర్నియా డ్రీమిన్' (1965), 'స్టేయిన్ అలైవ్' (1977), 'డోంట్ స్టాప్ బిలీవిన్' (1981), 'లివిన్ ఆన్ ఎ ప్రేయర్' (1986). ఈ పేర్లన్నిటిలో రాతలో 'గ్' పోయిన చోట ఒక చిన్న గుర్తు పెట్టి అచ్చువేశారు. దీన్ని 'గ్'ను వదిలేయడం అంటారుగానీ, నిజానికి అక్కడ వదిలేసిందేమీ లేదు. నాలుక వెనక పుట్టే ఙకారం పోయి, పళ్ళ దగ్గర పుట్టే నకారం వచ్చింది. అక్షరాల సంఖ్య మారలేదు. 'బ్లోయింగ్' అన్నా 'బ్లోయిన్' అన్నా రెండు అక్షరాలే. అలాంటప్పుడు ఈ మార్పును తాళానికి అంటగట్టలేం. అంత్యప్రాసకు ఒక్కోసారి పనికొస్తుంది, నిజమే. కానీ పాట పేరులో, ప్రాస అవసరమే లేని చోట కూడా వస్తోందంటే కారణం వేరే ఉండాలి.

ఆ కారణం మామూలు మాటల్లోనే దొరుకుతుంది. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ పల్లె ఒకదానిలో పిల్లల మాటలు విని జాన్ ఫిషర్ 1958లో ఒక వ్యాసం రాశారు. బుద్ధిమంతుడని పేరున్న పిల్లవాడు '-ఇంగ్' ఎక్కువగా పలికాడు, అల్లరివాడు '-ఇన్' ఎక్కువగా పలికాడు. ఒకే పిల్లవాడు కూడా బెరుకు తీరి హాయిగా మాట్లాడేటప్పుడు '-ఇన్' వైపు జరిగాడు. 1960ల్లో విలియం లాబోవ్ న్యూయార్క్‌లోనూ, పీటర్ ట్రడ్‌గిల్ ఇంగ్లండులోని నార్విచ్‌లోనూ పరిశీలించినప్పుడు ఇదే తేలింది. మనిషి జాగ్రత్తగా మాట్లాడితే '-ఇంగ్', చనువుగా మాట్లాడితే '-ఇన్'. చరిత్ర చూసినా '-ఇన్' తక్కువదేమీ కాదు. పాత ఇంగ్లిష్‌లో శత్రర్థకానికి '-ఎండె' అనే ప్రత్యయం వేరుగా ఉండేది, క్రియాజన్య నామానికి '-ఉంగ్', '-ఇంగ్' వేరుగా ఉండేవి. తర్వాత రెండూ రాతలో '-ఇంగ్'గా కలిసిపోయాయి. నోట్లో మాత్రం ఆ పాత నకారం బతికే ఉందని కొందరు పరిశోధకులు చెబుతారు. ఇంగ్లిష్ మాట్లాడే దాదాపు ప్రతి చోటా ఉండి, ఏ ఒక్క ఊరికీ చెందనిది కాబట్టే '-ఇన్' పాటకు అంతగా పనికొచ్చింది. 'స్టేయిన్ అలైవ్' పాడిన బీ జీస్ సోదరులు ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పుట్టారు, మాంచెస్టర్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ పెరిగారు, న్యూయార్క్ కుర్రాడి కథకు పాట కట్టారు. అన్ని ఊళ్ళనూ కలిపి కట్టిన ముడి '-ఇన్'.

బాబ్ డిలన్ సంగతి మరికాస్త లోతైనది. 1964లో వచ్చిన 'ద టైమ్స్ దే ఆర్ అ-చేంజిన్' పేరులో చివరి ఙకారం పోవడమే కాదు, ముందు ఒక 'అ' కూడా చేరింది. ఇది అపలాచియన్ కొండల్లోని వాడుక. 'ఆన్' అనే విభక్తి అరిగిపోయి 'అ' అయింది. ఈ 'అ'కు కచ్చితమైన నియమాలున్నాయని వాల్ట్ వుల్ఫ్రమ్ 1970ల్లో వెస్ట్ వర్జీనియా మాటలు పరిశీలించి చూపారు. అది క్రియకే చేరుతుంది, విశేషణంగా వాడిన మాటకు చేరదు. మొదటి అక్షరం మీద ఊనిక ఉన్న మాటలకే చేరుతుంది. డిలన్ పేరు ఆ నియమాలకు చక్కగా సరిపోతుంది. ఆయనదేమో మినెసోటాలోని హిబ్బింగ్, ఇనుప గనుల ఊరు. వుడీ గత్రీ పాటల నుంచీ పాత జానపద గీతాల నుంచీ ఈ వ్యాకరణం ఆయన చెవికి చేరింది. ఒక ప్రత్యయాన్ని మార్చి, మరో అక్షరాన్ని ముందు చేర్చుకోవడాన్ని తేలిక కోసం చేసిన పని అని ఎవరూ అనలేరు. పేదవాడి పాటకు వారసుణ్ణని ఆయన చెప్పుకున్న తీరది. 2016లో సాహిత్యంలో నోబెల్ బహుమతి ప్రకటించినప్పుడు అమెరికన్ గీత సంప్రదాయం లోపలే ఆయన కొత్త కవిత్వ వ్యక్తీకరణలు సృష్టించారని స్వీడిష్ అకాడమీ అన్నది. ఆ సంప్రదాయంలో ఈ 'అ' కూడా ఒక భాగం.

'-లీ' సంగతి చూద్దాం. ఎల్విస్ ప్రెస్లీ 1956లో పాడిన 'లవ్ మీ టెండర్'కు బాణీ 1861 నాటి 'ఆరా లీ' అనే పాటది. కొత్త మాటలు కెన్ డార్బీ రాశారు, రికార్డు మీద మాత్రం ఎల్విస్ పేరూ డార్బీ భార్య వేరా మాట్సన్ పేరూ పడ్డాయి. 'టెండర్లీ' అని ఉండాలని పట్టుబట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అయితే పదేళ్ళ ముందే, 1946లో, జాక్ లారెన్స్ మాటలతో వాల్టర్ గ్రాస్ బాణీకి 'టెండర్లీ' అనే పాట వచ్చి జాజ్ గాయకులందరికీ కంఠస్థమైంది. ఆ మూడు అక్షరాల మాట మీదనే ఆ బాణీ ఊగుతుంది, అక్కడ '-లీ' తీసేస్తే పాటే కూలిపోతుంది. 'లవ్ మీ టెండర్'లో '-లీ' చేరిస్తే ఇదీ కూలిపోతుంది. '-లీ' లేని క్రియావిశేషణాలు ఇంగ్లిష్‌కు కొత్త కాదు. పాత ఇంగ్లిష్‌లో వాటి చివర చిన్న అచ్చు ఉండేది. అది అరిగిపోయాక విశేషణమూ క్రియావిశేషణమూ ఒకే రూపంలో మిగిలాయి. 'ఫాస్ట్', 'హార్డ్' అనే మాటలను ఇప్పటికీ అలాగే వాడుతున్నాం. ఎల్విస్ పాటను తప్పుగా కాక, ఈ పాత వరసలోదిగా చూడటమే సబబు. 1973లో రోబర్టా ఫ్లాక్ 'కిల్లింగ్ మీ సాఫ్ట్‌లీ విత్ హిజ్ సాంగ్' పాడినప్పుడు '-ఇంగ్'నూ '-లీ'నీ రెంటినీ పూర్తిగా నిలిపారు. ఆ పాట మెత్తదనం ఆ నిండు అక్షరాల మీదనే నిలిచింది.

బాణీ వాదాన్ని పరీక్షించడానికి నాకు బాగా నచ్చిన జత 'వర్', 'వాజ్'. జరగని దాన్ని ఊహించి చెప్పేటప్పుడు 'ఐ' తర్వాత 'వర్' రావాలని బడి వ్యాకరణం. బాబీ డేరిన్ 1966లో పాడిన, టిమ్ హార్డిన్ రాసిన 'ఇఫ్ ఐ వర్ ఎ కార్పెంటర్' దాన్ని పాటించింది. 2008లో బియాన్సే 'ఇఫ్ ఐ వర్ ఎ బాయ్' కూడా పాటించింది. 1987లో ప్రిన్స్ 'ఇఫ్ ఐ వాజ్ యువర్ గర్ల్‌ఫ్రెండ్' అన్నాడు. రెండు రూపాలూ ఒకే అక్షరం, తాళానికి ఏదైనా ఒకటే. అయినా ఒకరు అదీ, ఒకరు ఇదీ ఎంచుకున్నారు. ప్రిన్స్ పాట మంచం పక్కన గుసగుసలాడే మాట, దానికి బడి వాసన పనికిరాదు. బియాన్సే పాట ఊహాలోకంలోంచి తీర్పు చెబుతుంది, దానికి ఆ 'వర్' కొంత గాంభీర్యం ఇచ్చింది. ఇక్కడ పనిచేసింది పూర్తిగా ఏ గొంతుతో వినిపించాలన్న శ్రద్ధే.

ఇక ఏ ప్రత్యయం పోతుంది, ఏది పోదు అన్న ప్రశ్న. నా దృష్టిలో మొత్తం విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే. పాటల గురించి రాసేవాళ్ళు దీన్ని తరచూ వదిలేస్తారు. డిట్రాయిట్‌లోని నల్లజాతి అమెరికన్ల మాటలను పరిశీలించి వుల్ఫ్రమ్ 1969లో ప్రచురించిన పుస్తకంలో ఒక క్రమం కనిపిస్తుంది. ప్రథమ పురుష క్రియ మీది '-స్' అన్నిటికంటే ఎక్కువగా రాలుతుంది. షష్ఠిని సూచించే '-స్' అంతకంటే తక్కువగా, బహువచనాన్ని సూచించే '-స్' అన్నిటికంటే తక్కువగా రాలుతుంది. మూడింటి ధ్వనీ ఒకటే. నోటి బద్ధకమే కారణమైతే మూడూ సమానంగా పోవాలి. క్రియ మీది '-స్' కొత్తగా చెప్పేదేమీ లేదు, కర్త ఎవరో ముందే తెలిసిపోయింది. బహువచనం '-స్' పోతే మాత్రం ఒకటా, పదా అన్నది తెలియదు. 1997 నాటి 'మో మనీ మో ప్రాబ్లమ్స్' పేరు చూడండి. 'మోర్' చివరి రేఫ పోయింది, 'ప్రాబ్లమ్స్' చివరి '-స్' అలాగే ఉంది. జే-జీ '99 ప్రాబ్లమ్స్'లోనూ అంతే.

భూతకాలపు '-ఎడ్' విషయంలోనూ ఈ వివేకమే కనిపిస్తుంది. 'మిస్ట్' అంటే పొగమంచు. 'మిస్' అనే క్రియకు భూతకాల రూపం కూడా పలకడానికి 'మిస్ట్'. రెండింటి ధ్వనీ ఒకటే. కానీ మామూలు సంభాషణలో పొగమంచులోని 'ట్'నే జనం ఎక్కువగా మింగేస్తారని, భూతకాలాన్ని మోస్తున్న 'ట్'ను అంతగా వదులుకోరని గ్రెగరీ గై తదితరులు లెక్కగట్టి చూపారు. 1967లో అరీథా ఫ్రాంక్లిన్ 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్' పాడితే ఆ పేరులోని '-డ్' నిలవాల్సిందే. అది పోతే గడిచిన ప్రేమకూ ఇప్పటి ప్రేమకూ తేడా చెరిగిపోతుంది.

అందుకే చదువు తక్కువన్న వాదం నిలవదంటాను. అజ్ఞానం ఇంత క్రమంగా ఉండదు. ఇంగ్లండులోనే తూర్పున, నార్విచ్ చుట్టుపక్కల పల్లెల్లో, క్రియ మీద '-స్' లేకుండా మాట్లాడటం పాత వాడుక అని ట్రడ్‌గిల్ నమోదు చేశారు. అక్కడి రైతు 'హీ గో' అంటే అది ఆ నేల వ్యాకరణం.

అయినా నల్లజాతి అమెరికన్ల నోట అదే రూపాన్ని ఎగతాళి చేసిన చరిత్ర పెద్దది, చేదుది. తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల్లో తప్పుడు ప్రత్యయాలే నవ్వు పుట్టించే సరుకు. 1850ల తొలినాళ్ళ స్టీఫెన్ ఫాస్టర్ పాటలు కొన్ని ఆ యాసలో ఉన్నాయి, 1853 నాటి 'మై ఓల్డ్ కెంటకీ హోమ్' వచ్చేసరికి ఆయన దాన్ని వదిలిపెట్టాడు. 1935లో జార్జ్ గెర్ష్విన్ 'పోర్గీ అండ్ బెస్' అనే ఆపెరా కట్టారు. మాటలు డుబోస్ హేవర్డ్, ఐరా గెర్ష్విన్‌లవి. అందులోని 'బెస్, యూ ఇజ్ మై వుమన్ నౌ', 'ఐ లవ్స్ యూ, పోర్గీ' పాటల పేర్లలో ప్రత్యయాలు రాలలేదు, అక్కర్లేని చోట మొలిచాయి. సంగీతం అపూర్వమైనది, సందేహం లేదు. కానీ ఈ '-స్'లను నల్లజాతి జనం తమంతట తాము పాటలో పెట్టుకోలేదు, బయటి చెవి విని అతికించింది. ఆ తేడా పాడాల్సిన వాళ్ళకు తెలుసు. 1959 సినిమాలో పోర్గీ పాత్రను హ్యారీ బెలఫాంటే నిరాకరించారు. 1927 నాటి 'ఓల్ మ్యాన్ రివర్'లోని మాటలను పాల్ రోబ్సన్ తన కచేరీల్లో ఏళ్ళ తరబడి మార్చుకుంటూ వచ్చారు. ఏ రూపం పలికారన్న దానికంటే, ఎవరు ఎవరి నోట దాన్ని పెట్టారన్నది పెద్ద ప్రశ్న. ఇదే ఐరా 1927లో రాసిన 'స్ వండర్‌ఫుల్' పేరులో మాత్రం మరో సొగసు ఉంది. అక్కడ 'ఇట్ ఇజ్' అంతా పోయి, చివరి 'స్' ఒక్కటే మిగిలి మాటకు ముందు నిలిచింది. అది మామూలు మాటల్లో రోజూ వినిపించే కుదింపు. అందుకే అది నిజంగా వినిపిస్తుంది.

అట్లాంటిక్‌కు ఇవతల 1960ల్లో జరిగింది ఈ కథకు మలుపు. బీటిల్స్‌లో లెనన్, మెకార్ట్‌నీ, హారిసన్ ముగ్గురూ లివర్‌పూల్‌లోని గ్రామర్ స్కూళ్ళలో చదివినవాళ్ళు. ప్రథమ పురుష '-స్' తెలియనివాళ్ళు కారు. 1963లో 'షీ లవ్స్ యూ' పేరులో దాన్ని పొందికగా ఉంచారు. ఆ పాటలోని 'యే'లకు బదులు 'యెస్' అని మర్యాదగా పాడితే బాగుంటుందని మెకార్ట్‌నీ తండ్రి అన్నారట, కొడుకు ఒప్పుకోలేదు. 1965 నాటి 'టికెట్ టు రైడ్'లో 'షీ' తర్వాత 'డోంట్' వచ్చింది. రెండేళ్ళలో వాళ్ళు వ్యాకరణం మరిచిపోయారనడం కుదరదు. పాటకు ఏ గొంతు కావాలో అది తెచ్చుకున్నారు.

ఆ గొంతు ఎక్కడిదో మొదట శాస్త్రీయంగా చెప్పినది ట్రడ్‌గిల్. బ్రిటిష్ పాప్ గాయకుల ఉచ్చారణ మీద 1983లో ఆయన ప్రచురించిన వ్యాసం ఈ రంగానికి పునాది. రాక్ సంగీతం అమెరికా నల్లవాళ్ళదీ దక్షిణాదివాళ్ళదీ కనుక దాన్ని పాడేవాళ్ళు వాళ్ళలా వినిపించాలనుకున్నారని ఆయన వాదన. ఆ ఉబలాటంలో అమెరికన్ రేఫను లేని చోట కూడా పెట్టేశారు. బీటిల్స్ ఆత్మవిశ్వాసం పెరిగినకొద్దీ వాళ్ళ రికార్డుల్లో ఆ అరువు రేఫ తగ్గిపోయిందని ఆయన లెక్కలు చూపాయి. 1970ల చివర్లో పంక్ వచ్చి లండన్ కార్మికుల మాటను పాటలోకి తెచ్చింది. ఇక్కడే ఆయన ముఖ్యమైన సంగతి గమనించారు. ఉచ్చారణ ఇంటికి తిరిగొచ్చినా, ప్రమాణంగా లెక్కించని వ్యాకరణ రూపాలు పాటలో అలాగే నిలిచాయి. అవి అమెరికన్ నల్లజాతివాళ్ళవీ లండన్ కార్మికులవీ కూడా కాబట్టి రెండు వేషాలకూ సరిపోయాయి.

తర్వాతివాళ్ళు ఈ చిత్రాన్ని దిద్దారు. పాల్ సింప్సన్ 1999లో కొత్త గాయకుల మీద పరీక్షించారు. న్యూజీలాండ్‌లో ఆండీ గిబ్సన్ చేసిన పని నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. అమెరికన్ తీరులో పాడటం ఇప్పుడు అనుకరణ కాదని, పాట అంటే అలాగే ఉంటుందని అలవాటైపోయిందని, సొంత యాసలో పాడటానికే పూనిక కావాలని ఆయన చూపారు. జోన్ బీల్ 2009లో ఆర్కటిక్ మంకీస్ మీద రాసిన వ్యాసం ఆ పూనిక గురించినదే. షెఫీల్డ్ కుర్రాళ్ళు తమ ఊరి మాటనే పాటలోకి తెచ్చి, అలవాటైన అమెరికన్ గొంతును కాదన్నారు.

హిప్-హాప్ మీద వచ్చిన పరిశోధన బాణీ వాదానికి చివరి జవాబు ఇస్తుంది. హెచ్. సామీ అలీమ్ 2002లో జూవెనైల్, ఈవ్ అనే ఇద్దరు రాపర్ల మాటను రెండు చోట్ల పోల్చారు. ఒకటి ఇంటర్వ్యూ, రెండోది పాట. 'ఈజ్', 'ఆర్' అనే మాటలను ఇంటర్వ్యూల్లో కంటే పాటల్లోనే ఎక్కువగా వదిలేశారు. ఇద్దరికీ రెండు వ్యాకరణాలూ తెలుసు, పాటలో వీధి వైపు కావాలని జరిగారు. 2015లో మేవ్ ఎబర్‌హార్ట్, కారా ఫ్రీమన్ ఇదే కొలతతో ఆస్ట్రేలియా రాపర్ ఇగ్గీ అజేలియాను పరిశీలించి, ఇంటర్వ్యూల్లో లేని నల్లజాతి వ్యాకరణం ఆమె పాటల్లో మితిమీరి ఉందని చూపారు. జూవెనైల్ చేసినదీ ఆమె చేసినదీ పైకి ఒకటే. లోపల రెండూ వేరు. ఒకరిది తన వీధి. మరొకరు ఆ వీధి భాషను వాడుకుని లాభం పొందారు, ఆ భాష మాట్లాడినందుకు బడిలోనూ ఉద్యోగంలోనూ ఎదురయ్యే చులకన ఆమెకు తగలలేదు. ఎబర్‌హార్ట్, ఫ్రీమన్‌ల ఈ వాదనతో నేను ఏకీభవిస్తాను.

కరీబియన్ సంగతి మరో తరహా. బాబ్ మార్లే 1974 ఆల్బమ్‌లో 'దెమ్ బెల్లీ ఫుల్ (బట్ వీ హంగ్రీ)' అనే పాట ఉంది. ఇంగ్లిష్ వ్యాకరణంతో దిద్దబోతే అడుగడుగునా ఏదో ఒకటి లోపించినట్టు కనిపిస్తుంది. కానీ అది ప్రత్యయాలు రాలిన ఇంగ్లిష్ కాదు, జమైకన్ క్రియోల్. దాని బహువచన పద్ధతి వేరు, దాని వాక్య నిర్మాణం వేరు. 2016లో బార్బడోస్ బిడ్డ రిహానా 'వర్క్' పాడినప్పుడు అర్థంలేని గొణుగుడు అని కొందరు తీసిపారేశారు. ఆ పాటలో కరీబియన్ రూపాలు ఎంత తెలివిగా పేర్చి ఉన్నాయో లీసా యాన్సెన్, మైకేల్ వెస్ట్‌ఫాల్ 2017లో విడదీసి చూపారు.

ఈ పరిశోధనల్లో ఒక లోటు కూడా ఉంది. రోల్ఫ్ క్రేయర్, జోయ్‌బ్రతో ముఖర్జీ 2007లోనూ, వాలెంటీన్ వెర్నర్ 2012 నుంచీ పాటల పాఠాలను పెద్ద ఎత్తున పోగుచేసి కంప్యూటర్‌తో లెక్కించారు. సంభాషణకూ రాతకూ నడుమ పాట ఎక్కడ నిలుస్తుందో వాళ్ళ వల్ల స్పష్టమైంది. అయితే అచ్చు పాఠంలో '-ఇంగ్' ఉన్నా గాయని '-ఇన్' పాడి ఉండవచ్చు. ట్రడ్‌గిల్‌లా చెవిపెట్టి వినేవాళ్ళు కొన్ని పాటలే వినగలరు, వెర్నర్‌లా లెక్కించేవాళ్ళు కాగితాన్నే నమ్మాలి. ఈ రెండూ ఒకచోట కలిసిన పని వస్తే ఇప్పుడున్న అభిప్రాయాల్లో కొన్ని మారవచ్చు.

తప్పులు పట్టే సంప్రదాయం కూడా ఇంకా బతికే ఉంది. 2014లో వియర్డ్ అల్ యాంకోవిక్ 'వర్డ్ క్రైమ్స్' అనే పేరడీ పాటతో వ్యాకరణ దోషాలను ఆటపట్టిస్తే జనం ఎగబడి విన్నారు. మరోవైపు 2018లో కెండ్రిక్ లమార్ రాప్ ఆల్బమ్ 'డ్యామ్'కు సంగీతంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. జాజ్, శాస్త్రీయ సంగీతాలకు వెలుపల ఆ బహుమతి పొందిన మొదటి కృతి అదే.

తెలుగు రాష్ట్రాల్లో ఇంగ్లిష్ చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పిల్లలు ఈ పాటలు ఫోన్లలో ఎలాగూ వింటున్నారు. పాటలో ఉందని పరీక్షలో 'డోంట్' రాస్తే మార్కు పోతుందని చెప్పండి, అది నిజమే. పాటలో ఉన్నది తప్పని మాత్రం చెప్పకండి. 'టెండర్లీ', 'లవ్ మీ టెండర్' రెండూ ఒకే పీరియడ్‌లో వినిపించి, రెండోదానికి '-లీ' చేర్చి పాడమనండి. ఏ ప్రత్యయం ఎక్కడ ఎందుకు నిలుస్తుందో, ఎందుకు రాలుతుందో వాళ్ళనే చెప్పనివ్వండి.